కాల్‌సైన్ నేలకా, మనిషికా?

తాండూరు దాటి పడమరకు పోయే రైలు బషీరాబాద్ మండలం మీదుగా సాగి, కాసేపటికే కర్ణాటకలో అడుగుపెడుతుంది. కిటికీ పక్కన కూర్చుని ఎంత కళ్లు చించుకు చూసినా సరిహద్దు ఎక్కడ వచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో తెలియదు. ఇటూ కందిచేలే, అటూ కందిచేలే. ఇటూ నాపరాతి గనులే, అటూ నాపరాతి గనులే. ఇటు కన్నడం మాట్లాడేవాళ్లున్నారు, అటు తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. ఏదో స్టేషనులో బోర్డు మీది అక్షరాలు మారితే, ఓహో, రాష్ట్రం మారిందన్నమాట అనుకుంటాం.

ఇంతకూ ఆ గీత అక్కడికి ఎప్పుడు వచ్చింది? 1948 సెప్టెంబరు దాకా ఈ నేలంతా నిజాం ఏలిన హైదరాబాదు సంస్థానం. తాండూరు తాలూకా అప్పట్లో గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాలను తిరిగి ఏర్పరచినప్పుడు గుల్బర్గా మైసూరు రాష్ట్రంలోకి, తాండూరు తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా పుట్టింది. అంటే మీ ఊళ్లో తొంభై ఏళ్ల తాత ఒకాయన తన అరుగు మీద నుంచి కదలకుండానే ఒక సంస్థానాన్నీ, రెండు మూడు రాష్ట్రాలనూ, రెండు మూడు జిల్లాలనూ చూసేశాడన్నమాట! గీతలు ఆయన చుట్టూ నడిచాయి. ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు.

ఈ కథ మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఈ నెల మనం మాట్లాడుకోబోయే విషయం సరిగ్గా ఇదే. గీతలు కదిలినప్పుడు, ఆ గీతల మీద ఇద్దరు తగువులాడుకుంటున్నప్పుడు, ఆ నేల మీద నిలబడి రేడియోలో మాట్లాడే మనిషి తన పేరు ఏమని చెప్పుకోవాలి?

రేడియో అంటే వినడమే అని చాలామంది అనుకుంటారు. మాట్లాడే రేడియో కూడా ఉంది. జీతం కోసం కాకుండా, వ్యాపారం కోసం కాకుండా, కేవలం నేర్చుకోవాలన్న ఉత్సాహంతో సొంత ట్రాన్స్‌మిటరు పెట్టుకుని ప్రపంచంతో మాట్లాడేవాళ్లను ఔత్సాహిక రేడియోవాదులు అంటారు. వాడుకలో వాళ్ల పేరు 'హామ్'లు. 14 మెగాహెర్ట్జ్ దగ్గర వాళ్లు పంపే తరంగం పొడవు సుమారు 21 మీటర్లు. అది పైకి వెళ్లి, వాతావరణం పై అంచున ఉండే అయనావరణంలో వంగి, మళ్లీ వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతుంది. బషీరాబాద్ నుంచి హైదరాబాదుకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. దాన్ని దాటడానికి తరంగానికి సెకనులో రెండువేల వంతు కూడా పట్టదు. ఇక పక్కనే ఉన్న రాష్ట్ర సరిహద్దు సంగతి చెప్పాలా? తరంగానికి చెక్‌పోస్టు తెలియదు.

అయితే అందరూ ఒకేసారి మాట్లాడితే సంతగోల అవుతుంది. విమానాలతో, ఓడలతో మాట్లాడే తరంగాలకు అడ్డు తగిలితే ప్రాణాలకే ముప్పు. అందుకే హామ్ కావాలంటే పరీక్ష రాయాలి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ విభాగం పరీక్ష పెట్టి, నెగ్గినవారికి లైసెన్సునూ, ఒక కాల్‌సైన్‌నూ ఇస్తుంది. కాల్‌సైన్ అంటే గాలిలో మీ పేరు. ప్రపంచం మొత్తం మీద ఒక కాల్‌సైన్ ఒక్క స్టేషనుకే ఉంటుంది.

దాని నిర్మాణం చూడండి. మొదటి అక్షరాలు దేశాన్ని చెబుతాయి. ఈ అక్షరాలను పంచేది జెనీవాలో ఉన్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం. మన దేశానికి వచ్చిన వాటిలో 'వి.టి.' నుంచి 'వి.డబ్ల్యు.' వరకు ఒక వరస ఉంది. మన విమానాల మీద 'వి.టి.' అని రాసి ఉండటం మీరు గమనించే ఉంటారు, అది ఈ వరసలోదే. హామ్‌లకు 'వి.యు.' ఇచ్చారు. తరువాత ఒక అంకె. ప్రధాన భూభాగంలో 2 గాని 3 గాని, అండమాన్ నికోబార్ దీవులలో 4, లక్షద్వీప్‌లో 7. ఆ తరువాత రెండో మూడో అక్షరాలు, అవి మీ సొంతం. ఇక్కడ మీకొక చిన్న లెక్క. ఇంగ్లీషు అక్షరాలు 26. వి.యు.2 తరువాత మూడేసి అక్షరాలు పెడితే ఎన్ని పేర్లు వస్తాయి? 26ను 26తో, మళ్లీ 26తో గుణించండి. 17,576 వస్తాయి.

బషీరాబాద్‌లో లైసెన్సు తీసుకున్న వ్యక్తీ, గీతకు అవతల సేడంలో లైసెన్సు తీసుకున్న వ్యక్తీ ఇద్దరూ వి.యు.లే. రాష్ట్రం మారినా కాల్‌సైన్ మారదు. చక్కగా ఉంది కదూ! చిక్కు దేశాల గీతల దగ్గర మొదలవుతుంది.

అలాంటి చిక్కు మనకు కొత్తది కాదు. 1930ల తొలినాళ్లలో హైదరాబాదులో మహబూబ్ అలీ అనే తపాలా ఉద్యోగి 200 వాట్ల చిన్న ప్రసార కేంద్రాన్ని నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో అయింది. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాదు భారతదేశంలో చేరలేదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. అంటే కొన్ని నెలల పాటు మన తాండూరు నేల కూడా ప్రపంచం దృష్టిలో వివాదాస్పద ప్రాంతమే! సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17వ తేదీన నిజాం లొంగుబాటును రేడియోలోనే ప్రకటించాడు. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. ప్రభుత్వాల మధ్య తగువు తేలేలోగా సామాన్యుడి చెవికి వార్త చేర్చింది రేడియోయే.

మరో ఉదాహరణ యానాం. గోదావరి ఒడ్డున, నాలుగు వైపులా తెలుగు పలుకే ఉన్న ఆ ఊరు 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉండేది. హామ్‌లు ప్రపంచంలోని దేశాలనూ దీవులనూ లెక్కపెట్టుకోవడానికి ఒక జాబితా వాడతారు. ఆ జాబితాలో ఫ్రెంచి ఇండియా గుర్తు 'ఎఫ్.ఎన్.8'. గోవా ఉన్న పోర్చుగీసు ఇండియా గుర్తు 'సి.ఆర్.8'. సిక్కిం గుర్తు 'ఎ.సి.3'. సిక్కిం రాజు పాల్దెన్ తోందుప్ నామ్‌గ్యాల్ స్వయంగా హామ్, ఆయన కాల్‌సైన్ 'ఎ.సి.3 పి.టి.'. 1954లో ఫ్రెంచి స్థావరాలు, 1961లో గోవా, 1975లో సిక్కిం మన దేశంలో కలిసిపోయాయి. ఆ గుర్తులు పాత పుస్తకాలలోకి జారుకున్నాయి. హామ్‌లు మాత్రం పోలేదు, వి.యు.లు అయ్యారు.

అన్ని కథలూ ఇంత సుఖంగా ముగియవు. టిబెట్ ప్రభుత్వం దగ్గర రాబర్ట్ ఫోర్డ్ అనే ఆంగ్లేయుడు రేడియో అధికారిగా పనిచేసేవాడు. 'ఎ.సి.4 ఆర్.ఎఫ్.' అనే కాల్‌సైన్‌తో ప్రపంచంలోని హామ్‌లతో కబుర్లాడేవాడు. 1950 అక్టోబరులో చైనా సైన్యం ఆయన్ను పట్టుకుంది. గూఢచారి అని నేరం మోపి, 1955 దాకా చెరలో ఉంచింది. 1983 ఏప్రిల్‌లో కొందరు జర్మన్ హామ్‌లు దక్షిణ చైనా సముద్రంలోని స్ప్రాట్లీ దీవుల వైపు పడవలో బయలుదేరారు. ఆ దీవులు మావంటే మావని ఎన్నో దేశాల తగువు. ఒక దీవిని చేరుకోబోతుండగా అక్కడి వియత్నాం సైనికులు కాల్పులు జరిపారు. పడవ మునిగింది. ఒకరు అక్కడే చనిపోయారు, మరొకరు చిన్న తెప్పపడవలో దాహంతో కన్నుమూశారు. మిగిలినవారిని ఒక ఓడ రక్షించింది. సరదా కోసం వెళ్లిన మనుషులను వివాదం మింగేసింది.

ఇక ఈనాటి సంగతి. పశ్చిమ సహారాను 1976లో స్పెయిన్ వదిలి వెళ్లింది. అప్పటి నుంచీ ఆ ఎడారి మీద మొరాకోకూ పొలిసారియో ఫ్రంటుకూ మధ్య తగువు నడుస్తోంది. అక్కడి హామ్‌లు కొందరు 'ఎస్.0' అనే గుర్తును వాడుతున్నారు. జెనీవా పట్టికలో ఆ గుర్తును ఎవరికీ ఇవ్వలేదు. కొసోవో 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. సెర్బియా ఒప్పుకోలేదు, మన దేశంతో సహా అనేక దేశాలు గుర్తించలేదు. అక్కడి సంస్థ 'జెడ్.6' గుర్తుతో కాల్‌సైన్‌లు ఇస్తోంది. అదీ పట్టికలో లేదు. అయినా 2018 జనవరిలో హామ్‌ల అంతర్జాతీయ సంఘం కొసోవో హామ్‌ల సంఘాన్ని సభ్యురాలిగా చేర్చుకుంది. హామ్‌ల జాబితాలోనూ ఆ పేరు చేరింది. ఇంకొక తమాషా చూడండి. 0తో గాని 1తో గాని మొదలయ్యే గుర్తులను జెనీవా సంఘం ఎవరికీ ఇవ్వదు. అందుకే ఎవరి గుర్తింపూ దొరకని చోట్ల హామ్‌లు తరచు 1తో మొదలయ్యే కాల్‌సైన్‌లు పెట్టుకున్నారు. ఇంటిపేరు లేని పిల్లవాడు తనకు తానే పేరు పెట్టుకున్నట్టు!

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మీరు ఒప్పుకోవాలని లేదు, ఆలోచిస్తే చాలు.

కాల్‌సైన్‌ను జెండాలా చూడటం మానుకోవాలి. అది జవాబుదారీ గుర్తు. లారీకి నంబరు పలక ఎందుకు? ఆ లారీ ఎవరిదో, ప్రమాదం చేస్తే ఎవరిని అడగాలో తెలియడానికి. లారీ నిలబడిన పొలం ఎవరిదో ఆ పలక తేల్చదు. కాల్‌సైన్ కూడా అంతే. ఈ తరంగాన్ని పంపినవాడు ఎవరు, అతడు పరీక్ష నెగ్గాడా లేదా, అతడి వల్ల ఇతరులకు అడ్డు తగిలితే ఎవరికి చెప్పాలి అన్న మూడు ప్రశ్నలకు అది జవాబు. 'ఈ నేల ఎవరిది' అన్న నాలుగో ప్రశ్నను దాని నెత్తిన పెట్టడం వల్లనే తంటా అంతా.

కాబట్టి ఎక్కడైనా ఒక నేల మీద తగువు ఉండి, ఆ నేల తనదన్న ప్రభుత్వం అక్కడ పరీక్ష పెట్టి లైసెన్సులు ఇవ్వలేని స్థితి ఉంటే, జెనీవా సంఘమే తాత్కాలికంగా ఒక గుర్తు కేటాయించాలి. దాని కింద 'ఈ గుర్తు ఎవరి హక్కునూ తేల్చదు' అని ఒక మాట రాసుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి తన పటాల కింద ఇలాంటి మాట రాస్తూనే ఉంది కదా.

ఇది గాలిలో మేడ కాదు. పాలస్తీనా ఆ సంఘంలో సభ్యదేశం కాదు. అయినా 1998లో చేసిన తీర్మానం ఆధారంగా దానికి 'ఇ.4' అనే వరస ఇచ్చారు. ఇచ్చినంత మాత్రాన అక్కడి సరిహద్దుల తగువు తీరలేదు, పెరగనూ లేదు. అక్కడి హామ్‌కు ఒక పేరు దొరికింది, అంతే. దక్షిణ ధ్రువం సంగతి చూడండి. ఆ మంచు ఖండంలో కొన్ని భాగాలు మావని ఏడు దేశాలు అంటాయి. 1959 ఒప్పందంతో ఆ మాటలను పక్కన పెట్టి, అందరూ పరిశోధన చేసుకుంటున్నారు. మన 'మైత్రి', 'భారతి' కేంద్రాలూ అక్కడే ఉన్నాయి. ఏ దేశంవారు ఆ దేశం కాల్‌సైన్‌తోనే అక్కడి నుంచి మాట్లాడుతున్నారు. కొట్లాట లేదు.

మీలో చురుకైనవారు ఇక్కడ నన్ను నిలదీయవచ్చు. 'మన కాశ్మీరులో ఇంకొకరు గుర్తు ఇస్తామంటే మనం ఊరుకుంటామా?' అని. మంచి ప్రశ్న. శ్రీనగరులోని విద్యార్థి బషీరాబాద్ విద్యార్థిలాగే మన పరీక్ష రాసి వి.యు. కాల్‌సైన్ తీసుకోగలడు. అక్కడ లైసెన్సు ఇచ్చే చెయ్యి ఉంది. నేను చెప్పేది ఆ చెయ్యి లేనిచోటు గురించి.

'దొంగచాటుగా రహస్యాలు పంపితే?' అని ఇంకొకరు అడగవచ్చు. ఈ భయం ఉత్తది కాదు. సరిహద్దులలో ప్రభుత్వాలు జాగ్రత్తగా ఉండవలసిందే. కాని హామ్‌ల నియమాలు చదవండి. అర్థం దాచే రహస్య సంకేతాలు వాడకూడదన్నది అంతర్జాతీయ నియమం. మోర్సు చుక్కలూ గీతలూ రహస్యం కాదు, నేర్చుకున్నవారెవరైనా చదవవచ్చు. హామ్ మాట్లాడేది అందరూ వినగలరు. పైగా గూఢచారి లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకుని, తన ఇంటి చిరునామా ఇచ్చి, ప్రతి మాటకు ముందూ వెనుకా పేరు చెబుతాడా? లైసెన్సు ఇస్తే మనిషి తెలుస్తాడు. ఇవ్వకపోతే ఊరూ పేరూ లేని తరంగం మిగులుతుంది. ఏది ఎక్కువ ప్రమాదం, మీరే చెప్పండి.

లైసెన్సు ఇవ్వడం వల్ల ఏం ఒరుగుతుందో మన దేశమే కళ్లారా చూసింది. హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడింది. అండమాన్ దీవులు మనవే, అక్కడ తగువు లేదు. కాని రక్షణ కారణాల వల్ల అక్కడ హామ్‌లకు అనుమతి దొరకడం గగనంగా ఉండేది. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందం పట్టు విడవకుండా అనుమతి సాధించి, 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ చేరింది. 'వి.యు.4 ఆర్.బి.ఐ.' అనే కాల్‌సైన్ వినబడగానే ప్రపంచమంతటా హామ్‌లు ఎగబడ్డారు. వాళ్లకు అది చాలా ఏళ్లుగా దొరకని అపురూపమైన గుర్తు మరి. అంతవరకూ అది ఆటే.

డిసెంబరు 26 తెల్లవారుజామున ఆరున్నర గంటల వేళ సముద్రం కింద భూకంపం వచ్చింది, దాని వెంట సునామీ. టెలిఫోన్లు మూగబోయాయి. ఆ బృందం ఆట కట్టిపెట్టింది. అదే యంత్రంతో, అదే కాల్‌సైన్‌తో దీవుల వార్తలను ప్రధాన భూభాగానికి చేరవేసింది. ఎవరు క్షేమంగా ఉన్నారో, ఎక్కడ ఏమి కావాలో చెప్పింది. తమవారి కోసం అల్లాడుతున్న కుటుంబాలకు కబురు అందించింది. ఒక్కసారి ఆలోచించండి. 'సున్నితమైన ప్రాంతం, లైసెన్సు ఎందుకులే' అని ఏ అధికారైనా ఆ దరఖాస్తును పక్కన పడేసి ఉంటే? ఆ ఉదయం అక్కడ మైకు ముందు కూర్చునే మనిషే ఉండేవాడు కాదు.

వివాదం ఉన్న నేలలోనూ భూకంపాలు వస్తాయి, వరదలు వస్తాయి. నిజానికి అక్కడ ఆసుపత్రులు తక్కువ, తీగలు తెగడం ఎక్కువ. రేడియో అవసరం అందరికన్నా వాళ్లకే జాస్తి. అలాంటిచోట మనిషికి గాలిలో పేరు లేకుండా చేయడం న్యాయం కాదని నా నమ్మకం.

ఇది చదివి ఎవరూ లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటరు నొక్కకండి. అది నేరం. నేను వాదించేది లైసెన్సు వద్దని కాదు, లైసెన్సుకు అర్హుడైన ప్రతివాడికీ అది దొరికే దారి ఉండాలని. వినడానికి అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంట్లో షార్టువేవు రేడియో ఉంటే, ఇరవై అడుగుల రాగితీగ వేపచెట్టుకు కట్టి, సాయంత్రం పూట సూది మెల్లగా తిప్పండి. కరెంటు తీగలకు దూరంగా కట్టాలి సుమా! ఉరుము ఉరిమితే వెంటనే తీగ విప్పెయ్యండి. గరగరల నడుమ ఏవో చుక్కలు, గీతలు, ఎవరో తన కాల్‌సైన్ చెప్పుకోవడం వినబడవచ్చు. విన్నవాటిని తేదీ, వేళలతో నోటుబుక్కులో రాసుకోండి. తరువాత పన్నెండేళ్లు నిండినవారు పరీక్షకు చదవడం మొదలుపెట్టవచ్చు. మీ సైన్సు మాస్టారిని అడిగితే ఓమ్ సూత్రం దగ్గర నుంచి మొదలుపెడతారు.

రేపు మీలో ఎవరో వి.యు. అయి, బషీరాబాద్ నుంచి పిలుపు ఇస్తారు. ఏ ఎడారి గుడారం నుంచో ఒక సన్నని గొంతు బదులు పలుకుతుంది. అతడి ఊరు ఏ దేశానిదో పెద్దలు ఇంకా తేల్చుకుని ఉండకపోవచ్చు. మీరు అతడిని అడగవలసిన మొదటి ప్రశ్న మాత్రం హామ్‌లు ఎప్పుడూ అడిగేదే: 'మీ పేరేమిటి? నా మాట మీకు ఎలా వినబడుతోంది?'